బావగారి వేలు

కాగితం మీద ఇక సంతకం ఒక్కటే తక్కువ. "నా అజాగ్రత్త వల్లే సోమవారం డయాలసిస్ అపాయింట్‌మెంట్లన్నీ రద్దయ్యాయి" అని ఆమె తరఫున బావే టైపు చేసి, ఆమె కీబోర్డు మీద పెట్టి, పక్కన పెన్ను కూడా ఉంచి వెళ్ళాడు. పెన్ను మాత్రం మర్చిపోలేదు, మహానుభావుడు!

బావంటే అక్క మొగుడు. ఈ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టీముకి పెద్ద. ఆమెకి ఇక్కడ ఉద్యోగం వేయించిందీ ఆయనే, ఆ సంగతి వారానికోసారి గుర్తు చేసేదీ ఆయనే. ఇంట్లో బావ, ఇక్కడ సారు.

జరిగింది ఇది. డయాలసిస్ సెంటర్ ప్రోగ్రాములో శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఆమె కంప్యూటర్ నుంచి, ఆమె పేరు మీద, ఒక చిన్న మార్పు ఎక్కింది. సోమవారం పొద్దున్నే ఎవరో ఒక పేషెంటు తన అపాయింట్‌మెంటు రద్దు చేసుకున్నాడు. అతని ఒక్కడిదీ పోవాల్సింది పోయి, అరవై రెండు మందివీ పోయాయి. నర్సు ఫోన్ చేసి అరిచిన అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది.

"రక్తం శుద్ధి కాకపోతే మనిషి ఏమవుతాడో తెలుసా మీకు? ఒకావిడ కాళ్ళు వాచిపోయి మూడు గంటలు మెట్ల మీదే కూర్చుంది. జాబితాలో పేరు లేదని మావాళ్ళు లోపలికే రానివ్వలేదు!"

శుక్రవారం ఆ సమయానికి ఆమె కింద మెట్ల దగ్గర ఒక్కతే డబ్బా విప్పుకుని తింటోంది. కంప్యూటర్ లాక్ చేయకుండా వెళ్ళింది. ఆ తప్పు తనదే, దానికి తనని తాను వందసార్లు తిట్టుకుంది. తిరిగొచ్చి కూర్చుంటే కాళ్ళు నేలకి అందలేదు. ఎవరో కుర్చీ ఎత్తు పెంచారు. ఈ ఆఫీసులో అంత పొడుగు మనిషి ఒక్కడే.

నిన్న బావని అడిగేసింది. "నీ సీటు దగ్గరికి నేనెందుకొస్తానమ్మా?" అన్నాడు, గోడ మీది గడియారం వైపు చూస్తూ. సాయంత్రానికి అక్క ఫోన్.

"సంతకం పెట్టేయవే. నీకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. ఈ వయసులో ఆయన పరువు పోతే నేనూ పిల్లలూ ఏమైపోవాలి? తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు."

అంటే అక్కకీ తెలుసన్నమాట! ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు చేసినందుకు కాదు కోపం, తప్పు ఎవరైనా చేస్తారు. మెట్ల మీద కూర్చున్న ఆవిడ సంగతి విని కూడా, అంతా మరదలి నెత్తిన రుద్ది చేతులు దులుపుకోవడం ఏం మనిషితనం?

ఈ పూట, శుక్రవారం మారిన ఆ లైను తెరిచి చూసింది. "క్యాన్సిల్ వన్" ఉండాల్సిన చోట "క్యాన్సిల్ ఆల్" ఉంది. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాడు ఇంత మొద్దు తప్పు ఎలా చేశాడు? లైను చెరిపి, మొదటి నాలుగు అక్షరాలు కొట్టింది. ప్రోగ్రాము రాసే ఎడిటర్ ఎప్పటిలాగే, ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లతో కింద చిన్న జాబితా విప్పింది. పైన వన్, దాని కింద ఆల్. బాణంతో ఎంచుకుని టాబ్ కొడితే ఆ పేరు లైనులో పడుతుంది. ఎవరు ఏ పేరు ఎక్కువ వాడితే వాళ్ళకి అది పైకొచ్చే ఏర్పాటు అది. ఆమె రోజూ వాడేది వన్.

బావ తన కంప్యూటర్‌లో ఆ ఏర్పాటు తీసేయించుకున్నాడు. అక్కడ పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో కదలకుండా ఉంటాయి. ఆల్ ముందు, వన్ తర్వాత. కొత్తవాళ్ళు కనబడితే చాలు, గొప్పలు.

"స్క్రీన్ చూసి కొట్టేవాడు ప్రోగ్రామరేంట్రా! నాలుగక్షరాలు, కింది బాణం, టాబ్. నా వేలికే తెలుసు."

వేలికే తెలుసు! ఆమె పళ్ళు పటపటా కొరికింది.

పదకొండింటికి డైరెక్టరు మేడమ్ కాగితం కోసం వచ్చింది, వెనకే బావ.

"సంతకం పెడతాను మేడమ్," అంది ఆమె. "ముందు ప్రోగ్రాము బాగుచేయాలి కదా, ఆ లైను చెరిపేశాను. మళ్ళీ నా చేత్తో ఎందుకు? సారు మీ ఎదురుగా రాసిపెడితే మీకూ నమ్మకంగా ఉంటుంది."

 

బావ పెద్దరికంగా నవ్వాడు. "లేమ్మా, నేను చూస్తాను." కూర్చుంటూనే కుర్చీ కింద మీట పట్టి ఎత్తు పెంచుకున్నాడు. మీట ఎక్కడుందో వెతుక్కోను కూడా లేదు. ముఖం మేడమ్ వైపే. "ఈ కాలం పిల్లలకి శ్రద్ధ తక్కువండీ, మనమే సర్దుకుపోవాలి..." అంటూనే నాలుగక్షరాలు, కింది బాణం, టాబ్. "అంతే, అయిపోయింది."

"ఒకసారి చదవండి సార్," అంది ఆమె.

ఆయన తల తిప్పాడు. మేడమ్ వంగి చూసింది. స్క్రీన్ మీద "క్యాన్సిల్ ఆల్" అని ఉంది.

"శుక్రవారం ఒంటిగంటా ఇరవైకి మీరెక్కడున్నారు?" అని మేడమ్ చాలా నెమ్మదిగా అడిగింది. బావ వేలు ఇంకా టాబ్ మీదే ఉంది.

"నా దాంట్లో రెండోది ఆల్, బావా. మీ దాంట్లో వన్." ఆఫీసులో మొదటిసారి బావా అని పిలిచింది, గట్టిగా, నలుగురూ తిరిగి చూసేలా. "వేలు పొరబడింది, పోనీ. నోటికేమైంది? ఆవిడ మూడు గంటలు మెట్ల మీద కూర్చుందని విన్నాక కూడా పెగల్లేదేం?"

టేబుల్ మీద ఆమె ఫోన్ మోగింది. అక్క. సంతకం అయిందో లేదో కనుక్కోవడానికే అయ్యుంటుంది.

ఆమె ఫోన్ తీసి, స్పీకర్ నొక్కి, ఆ కాగితం మీదే ఆయన ముందు పెట్టింది.

"మీరే చెప్పండి."