రాగి పలకలో ఒక చిల్లు

బెల్‌ఖైర్ మోకాళ్లలోతు కాలువలో నిలబడి, రాతి దువ్వెన పళ్ల మధ్య పట్టిన పాచిని ఖర్జూరపు మట్టతో గీకుతున్నాడు. కొండ కింది సొరంగంలోంచి వచ్చిన నీళ్లు ఆ రాతి పళ్ల దగ్గర చీలి, ఎవరి వాటా వాళ్ల తోటకు పోతాయి. వంగిన నడుము, ఎండకు పగిలిన మెడ, నెరిసిన కనుబొమలు. కుడి బొటనవేలికి ఎప్పుడూ ఒక గుడ్డపీలిక. తేలు కుట్టిన పుండు మానలేదని చెప్పుకున్నాడు. తిమిమూన్ ఊరి జనం నమ్మారు. పాదాల మీదుగా చల్లగా జారుతున్న నీటికి రోజూలాగే మనసులో దండం పెట్టుకున్నాడు.

గట్టు మీద కద్దూర్ గాడిదను కట్టేస్తున్నాడు.

"ఏం బా బెల్‌ఖైర్, రాళ్లకి తల దువ్వుతున్నావా? పెళ్లానిక్కూడా ఇంత సేవ చేసుండవు!"

"ఉంటేగా చెయ్యడానికి."

"అదృష్టవంతుడివి. సర్లే, పైకి రా. నీళ్ల కొలతగాడు పెళ్లికెళ్లి అక్కడే తిష్ఠ వేశాడు. పక్కతోట ముసల్ది పోతూపోతూ తన నీళ్లు లల్లా వర్దియాకిచ్చింది కదా, ఇవాళ కొలిచి మళ్లించకపోతే ఆవిడ నారు మాడిపోద్ది. పలక నేను పట్టుకుంటా. మట్టి నువ్వు పెట్టు."

బెల్‌ఖైర్ చేతిలో మట్ట ఆగిపోయింది.

ఆ వేలిని ఒకప్పుడు దేశమంతా ఎరుగును. కరువేళ్లలో మూసేసిన ప్రతి తూము మీదా ఒక మట్టిముద్ద ఉండేది. దాని మీద అడ్డంగా చీలిన బొటనవేలి ముద్ర. కొండమీద ఇనుప వలలు కట్టి ఉత్తరాదికి మబ్బు అనేది పోకుండా ఆపినవాడి ముద్ర అది. జనం వాణ్ణి మబ్బుల దొంగ అన్నారు. చివరికి ఆ వలలకు నిప్పు పెట్టినప్పుడు, వాటితో పాటే కాలిపోయాడనుకున్నారు. కాలలేదు. పేరు మార్చుకుని, ఎవరూ పోల్చుకోలేని వయసులో పుట్టిన ఊరికే వచ్చి పాచి గీకుతున్నాడు.

వాళ్ల నాన్న ఈ దువ్వెన దగ్గరే కొలతగాడు. రాగి పలకను నీటికి అడ్డం పెట్టి, వాటాకు సరిపడా చిల్లులు వదిలి, మిగతావి మట్టితో మూసేవాడు. పిల్లాడి వేలు కొడవలికి తెగినప్పుడు, "మట్టికి ఇదే మంచి వేలురా" అని నవ్వాడు. తరవాత ఉత్తరాది నగరాల కోసం లోతుగా బోర్లు దించారు. దువ్వెన పళ్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. అయినా నాన్న పొద్దున్నే వచ్చి, ఎండిన రాళ్లకు పలక ఆనించి, ఉమ్మితో మట్టి తడిపి చిల్లులన్నీ మూసేవాడు. చెల్లెలు ఆ వేసవి దాటలేదు.

కొడుకు చదువుకున్నాడు. మబ్బుల్ని పట్టడం నేర్చుకున్నాడు. మొదటిరోజు ఊరి మీద వాన కురిస్తే వెక్కి వెక్కి ఏడ్చాడు. రెండోరోజు ఉత్తరాది వాళ్లు కబురు పంపారు, కాస్త వదలమని. వదలనన్న జవాబుగా అతను మట్టి తడిపి, వేలు నొక్కి పంపాడు.

లల్లా వర్దియా ఆ ఉత్తరాది కొండల నుంచి నడిచి వచ్చిన మనిషి. దారిలో ఇద్దరు పిల్లల్ని పూడ్చింది. అతను ఈ ఊరికి వచ్చిన రోజు, ఎవరు ఏమిటని అడక్కుండా సగం రొట్టె విరిచిచ్చింది ఆవిడే. ఆ రోజు మొదలు మధ్యాహ్నం రొట్టె ఆవిడదే. ఆ రొట్టె పోతే అతనికి లోకంలో ఇంకేం మిగలదు.

వర్దియా వచ్చి గట్టు మీద కూర్చుంది. తన వాటా కొలిచేటప్పుడు తను మట్టి ముట్టకూడదు, అది కట్టుబాటు. కద్దూర్ రెండు చేతులా పలకను ప్రవాహానికి అదిమిపట్టి, దువ్వెన దగ్గర నీటిమట్టం మీదే కళ్లు పెట్టాడు. బెల్‌ఖైర్ గుడ్డతోనే మట్టి నొక్కాడు. ఊడిపోయింది. మళ్లీ నొక్కాడు. నీళ్లు చిమ్మాయి.

"గుడ్డ తియ్యవయ్యా బాబూ! నా చేతులు పడిపోతున్నాయి."

వద్దంటే సరిపోయేది. అవతల నారు తలలు వాల్చి ఉంది. పళ్లతో ముడి విప్పి, గుడ్డ గట్టు మీద పెట్టి, చివరి చిల్లులో వేలు నొక్కాడు. మట్టి నిలిచింది. దాని మీద అడ్డంగా చీలిన ముద్ర.

తలెత్తలేదు. ఆవిడ చూసిందని ఊపిరి ఆగిన చప్పుడే చెప్పింది.

చేయి చాచి, ఆవిడ తన బొటనవేలితో ఆ మట్టిని అదిమి పామింది.

"అయ్యో లల్లా! నువ్వు ముట్టుకున్నావేంటి?" కద్దూర్ అరిచాడు. "ఈ ఏటికి ఒక చిల్లు నీళ్లు పోయినట్టే!"

"పోనీలే."

"ఎందుకలా చేశావమ్మా?"

"వంకరగా ఉంది. సరిచేశా."

మధ్యాహ్నం రొట్టె తెచ్చింది. ఎప్పటికంటే దూరంగా పెట్టింది.

"నా చిన్నోడి పేరు ఇదీర్. పెద్దదాని పేరు తస్సాదిత్. నీళ్లడుగుతూనే పోయారు. విన్నావుగా?"

"విన్నా తల్లీ."

"తిను. చల్లారిపోతుంది."

క్షమించానని ఆవిడ అనలేదు. అతను అడగనూ లేదు. రెండు పేర్లూ పెదవులతో అనుకుంటూ రొట్టె అంతా తిన్నాడు. దోసిలితో నీళ్లు తాగాడు. తనకు ఇంత దక్కుతుందని ఎన్నడూ అనుకోలేదు. గోడకు ఆనుకుని, పాదాలు కాలువలో పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

ఎండ వాలాక కద్దూర్ లేపబోతే లేవలేదు. శవానికి స్నానం చేయించేవాళ్లు వచ్చేలోపు వర్దియా గట్టు మీది గుడ్డపీలిక తీసి, ఆ వేలికి మళ్లీ చుట్టి, ముడి వేసింది.

గోడకు తగిలించిన రాగి పలకలో, చివరి చిల్లులో మట్టి అప్పటికే ఎండిపోయింది. దాని మీద ఒక ఆడమనిషి వేలి గీతలు.