మైకు ముందు స్టెఫీ కళ్లు

మా ఆవిడ జ్ఞానవతికి ఆగడం తెలియదు. ఆదివారం విన్నిపెగ్ తెలుగు చర్చిలో పాస్టర్ గారు "దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు రండి" అనగానే లేచి, మా స్టెఫీని కూడా ముందుకు లాక్కెళ్లింది.

స్టెఫీ ఆమె చెల్లెలి కూతురు. స్టూడెంట్ వీసా మీద వచ్చి, మా ఇంట్లో ఉంటూ పైలట్ కోర్సు చదువుతోంది. ఇక్కడ కెనడాలో కళ్లద్దాలతోనే విమానం నడపడానికి మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చారు. అయినా అద్దాలున్న పిల్లను ఎయిర్‌లైన్స్ వాళ్లు తీసుకోరని చుట్టాలు ఊదరగొడితే, సెలవుల్లో గుంటూరు వెళ్లి కళ్లకు లేజర్ ఆపరేషన్ చేయించుకు వచ్చింది. ఆ సంగతి పైలట్లను పరీక్షించే ఏవియేషన్ డాక్టర్‌కు చెప్పాలి. కళ్లు కుదుటపడ్డాయని ఆయన తేల్చేదాకా విమానం నడపకూడదు. చెబితే కోర్సు ఆగి, వీసా గడువు దాటుతుందని పిల్ల నోరు మెదపలేదు. లేజర్ సంగతి తెలుసు గానీ, ఈ దాపరికం మాకు తర్వాతే తెలిసింది.

ప్రైవేట్ లైసెన్స్ అప్పటికే చేతిలో ఉంది కనుక, వచ్చే మంగళవారం చీకటి పడ్డాక స్నేహితురాలు ధరణిని ఎక్కించుకుని ఎగరాలని అనుకుంది. ఆ ధరణి చర్చి బిర్యానీ కోసం వచ్చి వెనక వరుసలో కూర్చుని ఉంది.

"మా పిల్లకి దేవుడు కొత్త కళ్లిచ్చాడండీ! అద్దాలు తీసి పారేసింది!" అంది జ్ఞానవతి. అందరూ స్తోత్రం అన్నారు. లేజర్ ఊసే లేదు. ఆపరేషన్ చేసిన డాక్టర్ ఏమైపోయాడో! నాకు ఒళ్లు మండింది.

మైకు స్టెఫీ చేతికిచ్చారు. ఇంట్లో ఎన్ని అబద్ధాలు ఆడినా, సాక్ష్యంలో ఆడకూడదని సండే స్కూల్లోనే మా పిల్లలకు నూరిపోస్తాం.

"లేజర్ చేయించుకున్నానండీ," అంది పిల్ల. "రాత్రిపూట లైట్ల చుట్టూ రింగులు కనిపిస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు. ధరణీ, ఎల్లుండి నిన్ను తీసుకెళ్లలేను. సారీ."

పాస్టర్ గారు గబగబా పాట ఎత్తుకున్నారు.

సోమవారం స్టెఫీ ఫోన్ చేసి అంతా చెబితే, ఏవియేషన్ డాక్టర్ ఆమె సర్టిఫికెట్ ఆపేశారు. కంటి రిపోర్టులు బాగుంటేనే మళ్లీ ఇస్తారట. ఎప్పటికో చెప్పలేదు.

జ్ఞానవతి వంటగదిలో నిలబడి ఏడ్చింది. "నేనే కదే నిన్ను లాక్కెళ్లాను. నీ చదువు నా చేతులతో నేనే ఆపేశాను."

స్టెఫీ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు లాక్కెళ్లకపోతే, రేపు ధరణిని ఎక్కించుకునేదాన్ని పెద్దమ్మా."