తాయారు వేల్లో కేక

నేను ఒక కణాన్ని. క్రిమి కనిపిస్తే మింగడం నా వృత్తి. మంగతాయారు కుడి బొటనవేలి చర్మం కింద నా కాపురం. నా మూలాన ఆ ఇంట్లో పొద్దున్నుంచీ తగువు.

"సున్నం, పసుపూ రంగరించి పట్టేత్తే సాయంత్రానికి లాగేత్తది" అంటుంది అత్తగారు అచ్చియమ్మ.

"నీ సున్నం సంగతి ఉంచమ్మా. నాన్న మాత్రలకి మోకాళ్ల వాపులే దిగాయి, ఈ వేలెంత?" అంటాడు ఆవిడ కొడుకు, తాయారు మొగుడు సత్తిరాజు. మామగారు పోయి ఏడాదైనా ఆయన మాత్రల డబ్బా మాత్రం ఆ ఇంట్లో క్షేమంగా ఉంది.

"మీ ఇద్దరూ తేల్చేదాకా ఈ వేలు ఆగుతుందా అండీ?" అంది తాయారు. లేసు అల్లే సూదిని పట్టేది ఆ వేలే. ముప్పై ఏళ్లుగా దారంతో పువ్వులు పూయించిన వేలు.

ఎముక మూలుగలో పుట్టి, నెత్తురు వెంట వచ్చి ఇక్కడ దిగాను. చచ్చిన కణాల చెత్త ఊడ్చుకుంటూ, కొత్త కోడలిలా ఎవరి కంటా పడకుండా బతికాను. నిన్న రొయ్యలు ఒలుస్తుంటే తాయారు వేలికి ముల్లు దిగింది. దాంతోపాటు క్రిములూ దిగాయి.

వాటిని తడిమి గుర్తుపట్టే గ్రాహకాలు నా ఒంటినిండా ఉంటాయి. ఒక్కదానికి తగిలితే చాలు, లోపల కబురు బయల్దేరుతుంది. ఒక ప్రోటీన్ పక్కదాన్ని తడుతుంది, అది మరోదాన్ని. మీ వీధిలో మాటలాగే అదీ చేతులు మారేకొద్దీ పెరుగుతుంది. చివరికి, అంతదాకా కట్టేసి ఉంచిన దూతను విప్పి కేంద్రకంలోకి వదులుతారు. అతను జన్యువులను నిద్రలేపి, "కేకెయ్" అంటాడు. వేశాను. రక్తనాళాలు తలుపులు వదులుచేశాయి. తెల్లకణాలు పరుగెత్తుకొచ్చాయి. వేలు ఎర్రబడి, కాగి, ఉబ్బి, సలిపింది. మీరు దాన్ని జబ్బంటారు. మాకది పని.

తగువులో మాత్రే గెలిచింది. అది స్టిరాయిడ్. తిన్నగా నా కేంద్రకంలో దూరి, దూత నోరు నొక్కేసింది. మర్నాటికి వాపు దిగింది.

"చూశావా తాయారూ! డాక్టరెందుకు, నేనుండగా?"

"ఆఁ, మా గొప్ప డాక్టరు" అని అచ్చియమ్మ మూతి తిప్పింది.

వాపును చూసి బలుపనుకునేవాళ్లకు సామెత ఉంది. వాపు తగ్గితే జబ్బు తగ్గిందనుకునేవాళ్లకు ఇంకా పుట్టలేదు. లోపల క్రిములు పిల్లాపాపలతో పెరిగాయి. మింగగలిగినన్ని మింగాను. సాయం పిలుద్దామంటే గొంతు పెగల్లేదు.

మూడోరోజు పొద్దున తాయారు లేసు తీసుకుని కూర్చుంది. రెండు కుట్లు పడ్డాయి. మూడోదానికి సూది జారి ఒళ్లో పడింది. వేలు వంగలేదు. చెయ్యి వెలుగులోకి తిప్పి చూసుకుంది. మణికట్టు దాటి పైకి ఎర్రటి గీత పాకుతోంది, క్రిములు నడిచిన దారి. లేసు మడిచి సంచిలో పెట్టి, చీర మార్చుకుని వసారాలోకి వచ్చింది.

అక్కడ అత్తగారు సున్నం రంగరిస్తోంది. సత్తిరాజు మాత్ర తీసి, నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. తాయారు అతని చేతిలోంచి డబ్బా తీసుకుని సంచిలో వేసుకుంది.

"ఆస్పత్రికి వెళ్తున్నానండీ. ఏం మింగానో డాక్టరుగారికి చూపించాలి. ఇక నా పేరున రాసిన మందే వేసుకుంటాను. చింతపండు నానేశాను అత్తయ్యా, చారు ఆయన పెడతారు."

సున్నం గిన్నెలో అచ్చియమ్మ వేలు ఆగిపోయింది. సత్తిరాజు చెప్పులు వెతుక్కుంటూ, "ఉండు, నేనూ వస్తా" అన్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. ఇల్లంతా వినిపించింది. కేకెయ్యడమే తెలిసినదాన్ని, ఆ విద్య నాకు రాదు.