ఇరవై ఎనిమిది రోజుల మందు

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమెకు ఏడేళ్ల కూతురు. మునివేళ్ల మీద గెంతుతూ నడుస్తుందని ఇంటిల్లిపాదీ దాన్ని పిచ్చుక అంటారు. పిచ్చుకకు ఆటిజం. మాటలు రాలేదు. "అమ్మా" అన్న ఒక్క పిలుపుకు ఆ తల్లి మొహం వాచిపోయింది.

వేసవి వెళ్లాక పిచ్చుక ఉన్నట్టుండి మారిపోయింది. మెట్లెక్కమంటే కూలబడేది. బట్టలు మార్చబోతే కరిచేది. "ఇలాంటి పిల్లల్లో మొండితనం మామూలేనండీ" అంది బడి టీచరు. "అదే సర్దుకుంటుందిలే" అన్నాడు భర్త.

ఓ ఆదివారం స్నానం చేయిస్తుంటే కనబడింది. ఎడమ మోకాలు కుడిదానికి రెండింతలుంది. ఎన్నాళ్లుగా నొప్పి ఓర్చుకుందో! మొండితనం కాదు, చెప్పుకోలేకపోవడం.

డాక్టరమ్మ మోకాలు నెమ్మదిగా తడిమి చూసింది. "గడ్డిలో, చెట్లలో ఆడుకుందా?"

"వేసవంతా అక్కడే దొర్లిందండీ."

"గడ్డిలో ఉండి రక్తం పీల్చే పిడుదు పురుగు కరిచి ఉండొచ్చు. దానివల్ల లైమ్ అనే జబ్బొస్తుంది. రక్తం పరీక్ష చేయిద్దాం."

సూది చూడగానే పిచ్చుక పెట్టిన గోలకు నర్సుకీ తల్లికీ తలప్రాణం తోకకొచ్చింది.

రిపోర్టు రావడానికి వారం. ఈలోపు ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, ఎక్కడో ఒక పిల్లాడికి ఈ లైమ్ మందు వాడితే ఆటిజమే పోయిందట! గలగలా మాట్లాడేస్తున్నాడట."

ఆ మాట ఆమె చెవిలో ఇల్లు కట్టుకుంది. ఇస్త్రీపెట్టె చొక్కాల మీద నడుస్తోంది కానీ మనసు అక్కడ లేదు. జబ్బు ఉంటే బాగుండును అనుకుంది. మరుక్షణం కన్నకూతురికి జబ్బు కోరుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది. అయినా కోరుకోవడం మానలేకపోయింది.

జబ్బు ఉందనే తేలింది.

"ఇరవై ఎనిమిది రోజులు మందు పట్టండి. మోకాలు బాగవుతుంది" అంది డాక్టరమ్మ.

"మరి మాటలు?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఆటిజం దీనివల్ల వచ్చింది కాదమ్మా. దీనితో పోదు. ఆశ పెట్టుకోకండి."

తలైతే ఊపింది. ఆశ వింటేగా! రోజూ మందు పోసి, మూతి తుడిచి, ఆ పెదాలకేసి చూసేది. పదోరోజుకి వాపు తీసింది. పదిహేనోరోజున పిచ్చుక మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేసింది. ఇల్లంతా మళ్లీ గెంతులు. ఇరవై ఎనిమిదోరోజున సీసా ఖాళీ అయింది. మాట మాత్రం రాలేదు.

"ఏడాదిపాటు ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లున్నారట వదినా" అంది ఆడపడుచు. ఆడపడుచు చెప్పిన చిరునామా పట్టుకుని తల్లి డాక్టరమ్మ దగ్గరికే వెళ్లింది.

"వద్దమ్మా. జబ్బు తగ్గింది. ఇంకా మందులు గుచ్చితే పిల్ల ఒళ్లు గుల్లవుతుంది తప్ప ఒరిగేదేం లేదు."

"ఒక్క నెలైనా..."

"నెల కూడా వద్దు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "మరి రేపు మళ్లీ ఎక్కడైనా నొప్పొస్తే నాకెలా తెలుస్తుందండీ?"

"ఆ, అది అడగండి" అంటూ డాక్టరమ్మ మాటలు నేర్పే టీచరు నంబరు రాసిచ్చింది.

టీచరు ఒక బొమ్మల పుస్తకం ఇచ్చింది. చెవి, పొట్ట, కాలు, పన్ను. రోజూ చూపించాలి, విసుక్కోకూడదు. రెండు నెలలు పిచ్చుక దాని అంచులు నమలడం తప్ప మరేం చేయలేదు.

ఓ సాయంత్రం తల్లి కూర తరుగుతుంటే కొంగు లాగింది. పుస్తకం తెచ్చింది. పేజీలు తిప్పి పన్ను బొమ్మ మీద వేలు పెట్టింది.

"పన్నా? పన్ను నొప్పా తల్లీ?"

పిచ్చుక నోరు తెరిచింది. కింద పాలపన్ను ఒకటి ఊగుతోంది, చిగురు ఎర్రగా ఉంది. తల్లి నవ్వబోయి ఏడ్చేసింది. పరుగున వెళ్లి భర్తను పిలిచింది. "చెప్పింది! నాకు చెప్పింది!"

రాత్రి పిల్ల పడుకున్నాక భర్త అడిగాడు, "ఇంకా ఆ పిలుపు కోసం చూస్తావా?"

"చూస్తాను" అంది. "కానీ దానికోసం పిల్లను సూదులకు అప్పజెప్పను."