పదికి పది

మా ఆయన బ్రహ్మయ్య గురజాల పక్కన మా ఊరికి ప్రెసిడెంటు. ఊళ్ళో ఎవరి నోరైనా మూయిస్తాడు గానీ, మిఠాయి కనపడితే తన నోరు మాత్రం మూసుకోలేడు. షుగరొచ్చింది. బిళ్ళలకి లొంగలేదు. ఇక రోజూ ఇన్సులిన్ సూది తప్పదన్నాడు నరసరావుపేట డాక్టరు.

ఆ ఏడే, ఎనభై తొమ్మిదిలో, ఆ డాక్టరు తన ఆస్పత్రిలో కంప్యూటరు పెట్టించాడు. దానికో ఏసీ గది. దానికున్న మర్యాద రోగులకి లేదు, చెప్పులు బయట విడిచి పోవాల. అది తెర మీద తెలుగులో షుగరు పాఠం చెప్పి, చివర పది ప్రశ్నలు అడుగుద్ది. ఒకటో రెండో మూడో, జవాబు నంబరు నొక్కాల. పదికి పదీ వస్తే సూది ఇంటికి తీసుకుపోయి సొంతంగా వేసుకోవచ్చు.

అది వద్దనుకున్నోళ్ళకి వరండాలో నర్సు కాంతమ్మ నేర్పేది. బత్తాయికాయ చేతికిచ్చి సూది పొడిపించేది. పొద్దున ఏం తిన్నావని అడిగి, అబద్ధమాడితే అందరి ముందూ దులిపేసేది.

"ప్రెసిడెంటుని. ఆడోళ్ళ మధ్య కూచుని బత్తాయిలు పొడవాలా? నాకు కంప్యూటరే కావాల," అన్నాడు మా మహానుభావుడు.

ఆ మిషను తెలివి ఏం చెప్పను! ఎవరొచ్చినా అవే పది ప్రశ్నలు, అదే వరస. ఎదురుగా టీకొట్టు జహంగీర్‌కి జవాబులన్నీ నోటికొచ్చేశాయి. టీ తాగినోళ్ళకి ఊరికే చెప్పేవాడు. మా ఆయన పంచదార దండిగా వేయించుకుని రెండు టీలు తాగి, "రెండు, ఒకటి, మూడు, మూడు" అని గొణుక్కుంటా లోపలికి పోయాడు. పదికి పది వచ్చినయ్. డాక్టరు భుజం తట్టాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఈయన చదవకుండానే పోగొట్టుకున్నాడు.

నన్ను ఆ గదిలోకి రానియ్యలేదు. వరండాలో కూలబడ్డా. కాంతమ్మ నా చేతిలోనూ బత్తాయి పెట్టింది.

"పిన్నీ, సూదేసుకుని అన్నం తినకపోతే షుగరు పడిపోద్ది. చెమట పట్టుద్ది, వణుకొచ్చుద్ది, మాట తడబడుద్ది. మింగే తెలివి ఉన్నప్పుడే బెల్లమో చక్కెరో నోట్లో పెట్టాల. డాక్టరు కోసం చూస్తా కూచుంటే మనిషి దక్కడు. ఏదీ, చెప్పు?" అంది. తడబడ్డాను. మళ్ళీ చెప్పించింది, తిట్టి మరీ చెప్పించింది.

ఆ వారంలోనే, మా ఆయన పొద్దున సూది పొడుచుకుని, అన్నం తర్వాత తింటానని పంచాయితీకి పోయాడు. అన్నదమ్ముల గట్టు తగాదా. అది తెమలదు, ఈయన లేవడు. మధ్యాహ్నానికి కబురొచ్చింది, ప్రెసిడెంటు పట్టపగలే తాగేసి ఏదేదో వాగుతున్నాడని.

తాగడం నా మొగుడికి లేని ఒకే ఒక్క అలవాటు. బెల్లం గడ్డ కొంగున కట్టుకుని పరిగెత్తా. చొక్కా తడిసి ముద్దయ్యింది, చేతులు వణుకుతున్నయ్, నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. నా పై ప్రాణం పైనే పోయింది. బెల్లం చితక్కొట్టి నోటి దగ్గర పెడితే విదిలించి కొట్టాడు.

మా మరిది నాగేశ్వరరావు నా చెయ్యి పట్టేసుకున్నాడు. "షుగరు మనిషికి బెల్లం పెడతావేంది వదినా? అన్నని చంపుతావా?"

ఊరంతా అదే మాట. ఎవరో జీపు తెమ్మంటున్నారు. జీపు వచ్చేసరికి ఏముంటుంది, నా తలకాయ! మరిది చెయ్యి కొరికా. మా ఆయన గుండెల మీద మోకాలు పెట్టి, కూచోబెట్టిన కుర్చీలోనే అదిమి, దవడ పట్టుకుని కొద్దికొద్దిగా బెల్లం కుక్కా. "మింగవయ్యా, నీకు దణ్ణం పెడతా, మింగు," అని ఏడుస్తానే ఉన్నా. మొగుణ్ణి చంపుతోందని వెనకనించి తిడతానే ఉన్నారు. వాళ్ళదే నిజమైతే అని నాకూ అనుమానమొచ్చింది. అయినా ఆపలా.

కాసేపటికి వణుకు తగ్గింది. కళ్ళు నా మొహం మీద నిలిచినయ్.

"ఏమే చెన్నమ్మా," అన్నాడు, చెవిలో చెప్పినట్టు. "ఎవరన్నా చూశారా?"

చుట్టూ ఊరు ఊరంతా ఉంది. అరుగుల మీద, గోడల మీద, ఆఖరికి ఎడ్లబండి మీద కూడా.

"ఎవరూ చూళ్ళేదు," అన్నా కొంగుతో మూతి తుడుస్తా. "రేపు మాత్రం కాంతమ్మ దగ్గర కూచోవాల."

ఆయన ఆ మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరూ చూడలేదంటున్నావుగా," అన్నాడు. "కూచుంటాలే."