నారాయణస్వామి తులాభారం

మదనపల్లె మార్కెట్‌లో నారాయణస్వామి పొట్టను చూసి రైతులు ఆయన మండీలో టమోటా దించుతారని ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నారాయణస్వామే. "బక్కోడు మండీ పెడితే వాడి దగ్గర నాలుగు రాళ్లుండాయని ఎవురు నమ్ముతారప్పా" అని పొట్ట నిమురుకుంటూ అనేవాడు. ఆయన సిగరెట్టు ముట్టడు. మందు వాసనే పడదు. ఆ రెండు చోట్ల కూడబెట్టిన పుణ్యాన్నంతా తిండి దగ్గర ఖర్చు పెట్టేవాడు. వేలంపాట ముగిసేసరికి దోసెలు, కాసేపాగి బజ్జీలు, మధ్యాహ్నం సంగటీ మాంసం. సాయంత్రం ఏం తినాలనే చర్చ మధ్యాహ్నం విస్తరి ముందే మొదలయ్యేది.

ఆయన ఒంటికి పోతే ఎర్రగా రావడం మొదలైంది ఎండాకాలం చివర్లో. నారాయణస్వామి కంగారు పడలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ టమోటాల మధ్య బతికినవాడు, ఎరుపు ఎక్కడ కనబడినా టమోటా అనే అనుకుంటాడు. "కాయ బాగా పండింది వస్తాండాది గదా, ఆ రంగే దిగతాండాది" అని భార్య రాజమ్మకు తీర్పు చెప్పాడు. రాజమ్మ ఇంట్లో టమోటా మానేసింది. చింతపండు చారు పెట్టింది. ఎరుపు పోలేదు. అయితే వేడి చేసిందన్నాడు. బార్లీ నీళ్లు తాగాడు, సబ్జా గింజలు తాగాడు. ఎరుపు వారం పాటు కనబడక, మళ్లీ వచ్చేది. కనబడని వారమంతా ఆయన తన వైద్యాన్ని మార్కెట్‌లో అందరికీ చెప్పేవాడు.

అంతలో తులాభారం వచ్చింది. పెళ్లయిన కొత్తలో నారాయణస్వామి సన్నగా ఉండేవాడట. ఇప్పుడు ఎవరూ నమ్మరు. అల్లుడు కాస్త ఒళ్లు చేస్తే బెల్లంతో తూగిస్తానని కుప్పంలో అత్తగారు నారాయణమ్మ తమ వీధి గుడిలో మొక్కుకుంది. మొక్కు ఏనాడో తీరింది గానీ అల్లుడు ఒళ్లు చేయడం ఆపలేదు, అత్తగారు ఏటా తూగించడం ఆపలేదు. తూగినాక పంచే ఆ బెల్లం కోసం వీధి వీధంతా ఎదురుచూసేది.

కుప్పం పోయే దారిలో రాజమ్మ కారును పుంగనూరులో ఆపించింది. డాక్టర్ సుమలత దగ్గర కూర్చోబెట్టి విషయమంతా తానే చెప్పింది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, వెంటనే కిడ్నీలకు స్కాన్ తీయాలంది.

"ఒంటేలులో నెత్తురు పడితే ఊరికే వదిలేయకూడదప్పా. ఒళ్లు బరువుండే వాళ్లకి కిడ్నీలో క్యాన్సర్ వచ్చే భయం ఎక్కువ. ఏమీ లేకపోతే సంతోషమే. ఉంటే మాత్రం తొందరగా పట్టుకోవాల. గడ్డ ఆ కిడ్నీలోనే ఉన్నప్పుడు తీసేస్తే మనిషి నిలబడతాడు."

"సిగరెట్టు ముట్టనోన్ని, నాకు క్యాన్సర్ ఏందమ్మా? మా పక్క మండీ వెంకటప్ప గాలొస్తే ఎగిరిపోయేటట్ల ఉండె. గుండెపోటుతో పోలే?"

"వెంకటప్ప సంగతి నేను చెప్పలేను. మీ ఒళ్లు ఈ మధ్య తగ్గిందా? ప్రయత్నం లేకుండా తగ్గితే అది మంచి గుర్తు కాదు."

నారాయణస్వామి కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. తన ఒళ్లు తగ్గడమా. మొన్న పంచె జారితే నేతవాడు వెడల్పు ఎక్కువ నేశాడనుకున్నాడు. వేలి ఉంగరం ఊడిపడితే కంసాలిని తిట్టాడు. స్కాన్ తులాభారం అయినాక చూద్దామని లేచాడు. రాజమ్మ కుప్పం దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

గుడి ముందు దూలానికి పెద్ద తక్కెడ కట్టి ఉంది. బావమరిది యువరాజ్ ముందే ఒక తట్టలో నిరుడు తూగినంత బెల్లం పేర్చి పెట్టాడు. ఒకసారి పెట్టిన బెల్లం తీయకూడదు, పైన వేయాలే తప్ప. అది అక్కడి ఆచారం. ఏటా పెరిగే మనిషికి తీయాల్సిన పని ఎప్పుడూ పడలేదు. ఇంకా వేయడానికని పక్కన మరో మూట సిద్ధంగా ఉంది.

నారాయణస్వామి దండం పెట్టుకుని రెండో తట్టలో కూర్చున్నాడు. తాడు లాగి తక్కెడను పైకెత్తారు. బెల్లం తట్ట కదల్లేదు. ఆయన తట్టే పైకి లేచింది. కాళ్లు గాల్లో వేలాడాయి.

మేళం ఆగిపోయింది. నారాయణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరో వెనకనుంచి "సన్నబడినాడు, ఆరోగ్యంగా ఉండాడు" అన్నారు. యువరాజ్ మాత్రం మర్యాద పోతుందని చెమటలు కక్కుతూ, తమ ఇంటికని బావ తెచ్చిన టమోటా బాక్సును కారులోంచి మోసుకొచ్చాడు.

"బావా, ఒళ్లో పెట్టుకో. పైన కండవ కప్పేస్తా. సరిగ్గా తూగుతాది."

బాక్సును ఒక్కసారి చేత్తో ఎత్తి బరువు చెప్పగల మనిషి నారాయణస్వామి. మార్కెట్‌లో ఎవరి కాయకు తూకంలో ఎంత తరుగు తీయాలో ఆయన నోటిమాటే చెల్లేది. సొంత ఒంట్లోంచి ఇంత తరుగు ఎవరు తీశారో ఆయనకు తెలియలేదు. గాల్లో కూర్చుని బెల్లం వైపు చూశాడు. భయమేసింది. బతుకులో మొదటిసారి, తిండి గుర్తుకు రానంత భయం.

"బాక్సు వద్దప్పా" అన్నాడు. "బెల్లం తీ."

"తీయకూడదు బావా. జనం సూస్తాండారు."

"సూడనీ. నేనెంత ఉండానో అంతే ఉంచు."

యువరాజ్ కదలకపోతే రాజమ్మే ముందుకొచ్చింది. ఒక్కో బెల్లం అచ్చూ తీసి కింద పెట్టసాగింది. ఒక్కో అచ్చుకూ నారాయణస్వామి కొంచెం కొంచెం కిందికి దిగాడు. తీసిన బెల్లం కుప్ప పెరుగుతూనే ఉంది. చివరికి కాళ్లు నేలకు తగిలాయి.

ఆయన ఆ కుప్పనే చూస్తూ మెల్లగా అడిగాడు.

"రాజమ్మా, ఆ డాక్టరమ్మ సాయంత్రం దాకా ఉంటాదా?"