కోయని పడుగు

ఫుట్‌బాల్ ఆటలో బాలా ఎడమ గీత వెంబడి బంతి తీసుకుని పరుగెత్తినప్పుడల్లా, రాయవేలూరు దగ్గర గుడియాత్తంలో వాళ్లింటి మగ్గం దానంతట అదే ఆడేది. ఈ సంగతి తల్లి అంబుజం ఒక్కదానికే తెలుసు. వీధంతా ఆమె కొడుకు ఆట చూసి ఈలలు వేస్తుంటే, ఆమె టీవీ శబ్దం తగ్గించి పక్కగది వైపు చెవి పెట్టేది. మగ్గం దగ్గర మనిషి ఉండడు. పేక పోగు మోసే నాడె మాత్రం ఇటు నుంచి అటు పోతుంది, పలక దబ్బు దబ్బుమని కొడుతుంది. ఆట ముగిశాక వెళ్లి చూస్తే లుంగీ గుడ్డ జానెడు పెరిగి ఉంటుంది.

ఆ మగ్గం మీదే ఆమె మొగుడు దొరై ప్రాణం వదిలాడు. నేస్తూ నేస్తూ ముందుకు వాలిపోయాడు. మగ్గం మీద మనిషి పోతే శవం గడప దాటకముందే మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు కోసేయాలని ఆ వీధి కట్టుబాటు. కోయకపోతే పోయినవాడికి పని తీరదు, పని తీరనివాడు ఇల్లు కదలడు. పక్కింటి లోగనాథన్ కత్తి తీసుకుని వచ్చాడు కూడా.

"వద్దన్నా," అంది అంబుజం అడ్డం నిలబడి. "ఆయప్ప చెయ్యి ఇంకా దాని మీదే ఉండాది. అట్లే ఉండనీ."

"తప్పు చేస్తా ఉండావు మా," అన్నాడు లోగనాథన్. ఏడుస్తున్న మనిషితో వాదించలేక వెళ్లిపోయాడు.

అప్పటికి బాలా ఆట చెప్పుకోదగ్గది కాదు. రాయవేలూరు జట్టులో బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసాలు అందించేవాడు. తండ్రి పోయిన కొద్దిరోజులకే ఎవరికో దెబ్బ తగిలితే, వాడి చోట ఇతన్ని ఎడమ వింగులోకి తోశారు. అంతే, ఇక పట్టేవాడు లేడు. రాయవేలూరు నుంచి చెన్నై, చెన్నై నుంచి గోవా. రేపోమాపో ఇండియా జట్టే అన్నారు. నిన్నటిదాకా సోమరి అని తిట్టిన నోళ్లే "పెట్టి పుట్టినాడు" అన్నాయి. అంబుజానికి భయం లేకపోలేదు. కానీ కొడుకు పైకొస్తున్నాడు, మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. ఎవరికి మాత్రం చేదు?

పడుగు మాత్రం తరుగుతోంది. గోవాలో ఫైనల్ దగ్గర పడేసరికి మూరెడు మిగిలింది. అది అయిపోతే కొడుకు పరుగూ అయిపోతుందని ఆమెకు బాగా తెలుసు. పాత పోగు కొసకి కొత్త పోగు మెలిపెట్టి అతికితే మగ్గం ఆగదు. అది ఆమెకు చేతనైన పనే. కొత్త పడుగు తెచ్చి సిద్ధంగా పెట్టుకుంది. ఇంతలో బాలా ఒకపూట ఇంటికి వచ్చాడు.

మధ్యాహ్నం అన్నం తిని చాప మీద వాలాడు. మనిషి పడుకున్నాడు గానీ కాళ్లు పడుకోలేదు. ఎడమది నొక్కి, కుడిది నొక్కి, మళ్లీ ఎడమది. దొరై మగ్గం గుంటలో తొక్కుడు చెక్కలు తొక్కినట్టే తొక్కుతున్నాయి. పక్కగదిలో మగ్గం వాటితో పాటే ఆడుతోంది. అంబుజం రెండు చేతులా ఆ కాళ్లు అదిమి పట్టుకుంది. ఆగలేదు. శవం కాళ్లలా చల్లగా ఉన్నాయి.

బాలా కళ్లు తెరిచే ఉన్నాయి.

"దినమూ ఇంతే మా," అన్నాడు మెల్లగా. "ఆట అయిపోయినా నిలవవు. గోలు ఏస్తే అందరూ నా పేరే అరస్తారు. ఆడేది నాయన. నేను ఊరికే పైన కూసోని పోతా ఉండా."

"కోసేస్తే నీ ఆట పోతాదేమో రా నాయనా."

"పోనీ మా. ఓడితే నేనే ఓడతా."

అంబుజం కత్తి తీసుకుని మగ్గం ముందు నిలబడింది. నాడె మధ్యలో ఆగిపోయింది. ఎవరో పని ఆపి తన ముఖంలోకి చూస్తున్నారని ఆమెకు తెలిసింది.

"ఇంక చాలు, లెయ్యయ్యా," అని పడుగు కోసేసింది.

గుంటలో తొక్కుడు చెక్కలు, వాటి మీది బరువు దిగినట్టు, మెల్లగా పైకి తేలాయి. ఏదో చల్లగా ఆమె భుజం రాసుకుంటూ గడప దాకా వెళ్లి, కాసేపు ఆగి, దాటిపోయింది. చాప మీద బాలా కాళ్లు నిలిచాయి.

ఫైనల్లో బాలా దగ్గరికి వచ్చిన బంతి వచ్చినట్టే పోయింది. జనం గేలి చేశారు. ఒకసారి తన కాళ్లు తనకే అడ్డంపడి బోర్లా పడ్డాడు. లేచి, మోకాళ్లు దులుపుకుని, మళ్లీ బంతి వెంట పరుగెత్తాడు. చిన్నప్పుడు వీధిలో పరుగెత్తినట్టే, ఒక పక్కకు ఒరిగి.

"చూస్తివా, మనోడే," అంది టీవీ ముందు కూర్చున్న అంబుజం పక్కగది వైపు తిరిగి.

ఎవరూ లేరు. దొరై పోయిన రోజు కూడా ఆమె ఏడ్చింది. పోయాడని తెలిసి ఏడ్చింది మాత్రం ఇప్పుడే.